బోర్డు మీది కొడుకు

హ్యాటీ పెల్చార్‌కి డెబ్బై ఆరేళ్ళు వచ్చేసరికి ఒక్క ప్రశ్న వింటే చాలు, ఒళ్ళు మండిపోయేది. "కొడుకున్నాడా?" అన్నదే ఆ ప్రశ్న. ఆవిడకి కొడుకున్నాడా అని కాదు. ఆవిడకి అసలు పెళ్ళే కాలేదు. పెట్రోలు బంకు ముందు, నీలం పెంకుల కప్పు కింద, అడుగెత్తు అక్షరాలతో "పెల్చార్ అండ్ సన్" అని బోర్డు ఉంది కదా, ఆ సన్ ఎక్కడ అని. టైర్లు అమ్మేవాళ్ళు, పన్నుల ఆఫీసువాళ్ళు, దారి తప్పి వచ్చినవాళ్ళు, అందరిదీ అదే ప్రశ్న. నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఆవిడ, "నాతోనే మాట్లాడుతున్నావుగా, ఆ సన్ నేనే" అనేది. వాళ్ళు నవ్వి, మళ్ళీ అదే అడిగేవారు.

ఆ బోర్డు కథ న్యూజెర్సీలోని వాన్‌డేల్ ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు. 1938 వేసవిలో హ్యాటీ తల్లికి ఏడో నెల. తండ్రి స్టాన్ పెల్చార్‌కి పుట్టబోయేది మగపిల్లాడే అని ఎంత నమ్మకమంటే, బోర్డులు రాసేవాడొకడు ఊళ్ళోకి వచ్చి తక్కువకి రాసిపెడతానంటే అప్పటికప్పుడు రాయించేశాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటాం మనం. స్టాన్‌కి ఆలూ ఉంది, చూలూ ఉంది, కొడుకొక్కడే తక్కువ. సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది. స్టాన్ బిడ్డని చూశాడు, బోర్డుని చూశాడు, మళ్ళీ రంగు దండగని ఊరుకున్నాడు. రెండేళ్ళకి నిజంగానే కొడుకు పుట్టాడు, టెడ్. ఇక బోర్డు నిజమైందని చుట్టాలంతా సంబరపడ్డారు గానీ, కాలేదు.

అసలు ఆ బంకు పుట్టుకే ఒక తగువు. 1931లో థర్డ్ స్ట్రీట్ మూల స్థలం కొని స్టాన్ పంపులు పెడతానంటే, వీధిలో ఆడవాళ్ళంతా మునిసిపాలిటీ మీద పడ్డారు. ఇళ్ళ మధ్య పెట్రోలేమిటి, ఆరేసిన దుప్పట్లు కంపు కొట్టవా అని. మునిసిపాలిటీ ఆలోచించి ఆలోచించి ఒక షరతు పెట్టింది. పెట్రోలు అమ్ముకో, కానీ చూసేవాళ్ళకి బంకులా కనపడకూడదు, ఇల్లులా కనపడాలి. దాంతో స్టాన్ ఎర్ర ఇటుకలతో బొమ్మరిల్లు లాంటి ఇల్లు కట్టించాడు. ఏటవాలు కప్పు, పైన గుండ్రంగా తిరిగిన తలుపు, కిటికీల కింద పూలతొట్లు, నెత్తిన పొగగొట్టం. ఆ పొగగొట్టం కింద పొయ్యి లేదు. లోపల ఉన్నదల్లా ఒక బల్ల, ఆయిల్ డబ్బాలు, ఒక మరుగుదొడ్డి. ఏటా ఒకటో రెండో కొత్త జంటలు తలుపు తట్టి ఇల్లు అద్దెకిస్తారా అని అడిగేవి. తొట్లలో పూలు వాడకూడదన్నది కూడా షరతులో భాగమే కాబట్టి, హ్యాటీ తల్లి రోజూ నీళ్ళు పోస్తూ, గంజి కాచుకోవడానికి లేని ఇంటికి ఈ సింగారమొకటి అని పోలిష్‌లో సణుక్కునేది.

హ్యాటీ పన్నెండో ఏట పైపు పట్టింది. పదహారో ఏట బడి మానేసింది. మానేసిందనడం కంటే మాన్పించారనడం న్యాయం. తండ్రికి నడుము పట్టేస్తోంది, మనిషిని పెట్టుకునే తాహతు లేదు. "జుట్టు టోపీలోకి దోపుకో, ఆడపిల్ల పోస్తే తక్కువ పోస్తుందనుకుంటారు," అన్నాడు తండ్రి. దోపుకుంది. నేల మీద పరిచిన రబ్బరు గొట్టం మీదికి కారు చక్రం ఎక్కితే లోపల గంట మోగేది. రెండో గంట మోగేలోపు కారు దగ్గర ఉండాలన్నది స్టాన్ నియమం. అన్నం ముందు కూర్చున్నా సరే, జ్వరమొచ్చినా సరే. పెట్రోలు పోయాలి, అద్దం తుడవాలి, ఆయిల్ చూడాలి, టైర్లు తన్ని చూడాలి. అరవై ఏళ్ళు ఆవిడ ఆ గంటకి లేచింది.

ఈ మాట కూడా చెప్పాలి. న్యూజెర్సీలో ఎవరి కారుకి వాళ్ళు పెట్రోలు పోసుకోకూడదు. చట్టం. దేశంలో దాదాపు అన్ని చోట్లా జనం కారు దిగి పోసుకుంటుంటే, అక్కడ మాత్రం మహారాజుల్లా కూర్చుని ఉంటారు. కిటికీ నాలుగు వేళ్ళ మేర దించి, "ఫుల్ చెయ్యి" అని డబ్బో కార్డో బయటికి చాపుతారు. తల తిప్పి చూడరు. పోసింది ఎవరని అడిగితే పోసే మనిషి అంటారు. తలపండిన లాయర్లకి కూడా ఆ రాష్ట్రంలో నాజిల్ ఎటు పట్టుకోవాలో తెలియదు, పైగా అదొక గొప్ప. హ్యాటీకి మాత్రం లోపల కూర్చున్న ప్రతి మనిషీ తెలుసు. ఎప్పుడూ ఫుల్ చేయించేవాడు రెండు డాలర్లకి పోయమంటే మిల్లులో ఉద్యోగం పోయిందని తెలుసు. వెనక సీట్లో పరుపుంటే మొగుడూ పెళ్ళాం విడిపోతున్నారని తెలుసు. ఎవరితోనూ అనేది కాదు.

1966లో స్టాన్ ఇక లేవలేకపోయాడు. పెట్రోలు కంపెనీ మనిషి ఒప్పందం కాగితాలు పట్టుకుని వచ్చాడు. అప్పటికి ఎనిమిదేళ్ళుగా బంకు మొత్తం హ్యాటీ చేతి మీదే నడుస్తోంది. ఆ మనిషి ఆవిడ పోసిన కాఫీ తాగి, ఆవిడ మార్చిన తన కారు బెల్టు బాగుందని మెచ్చుకుని, ఆడవాళ్ళకి డీలర్‌షిప్ ఇవ్వడం కంపెనీలో లేదన్నాడు.

"బోర్డు మీద కొడుకని ఉందిగా, అతని చేత సంతకం పెట్టించండి," అన్నాడు.

కొడుకప్పుడు పాతిక మైళ్ళ అవతల మారిస్‌టౌన్‌లో పళ్ళ డాక్టరుగా కొత్త బోర్డు పెట్టుకుని కూర్చున్నాడు. ఏటా ఈస్టరుకి ఇంటికొచ్చేవాడు. పంది మాంసం ముక్కలకీ, పోలిష్ వాళ్ళు పండక్కి వెన్నతో చేసే గొర్రెపిల్ల బొమ్మకీ నడుమ హ్యాటీ కాగితాలు జరిపేది. టెడ్ ఒక చేత్తో ముల్లంగి పచ్చడి వేసుకుంటూ, రెండో చేత్తో సంతకం గీకేవాడు. ఏం కాగితమని ఒక్క ఏడాదీ అడగలేదు. కంపెనీ వెళ్ళిపోయి సొంతంగా అమ్ముకోవడం మొదలెట్టాక కూడా లైసెన్సు టెడ్ పేరు మీదే ఉండిపోయింది. మార్చుకోవచ్చు. ఆఫీసులో ఆ కిటికీ దగ్గర, ఈ కిటికీ దగ్గర రెండు రోజులు నిలబడాలి. ఆ రెండు రోజులు బంకు దగ్గర గంటకెవరు లేస్తారు? పని ఆగకపోతే చాలనుకుంది. ఆ తర్వాత ఆవిడ తనని తాను తిట్టుకున్నదల్లా ఈ ఒక్కదానికే.

2014లో నేలలో ఉన్న పెట్రోలు ట్యాంకులకి కాలం చెల్లింది. తవ్వి తీసి కొత్తవి వేయించడం డెబ్బై ఆరేళ్ళ మనిషికి అయ్యే పని కాదు. బంకు ఇక మూసేద్దామనుకుంటుండగా ఊరి చరిత్ర కమిటీ వాళ్ళొచ్చారు. వీధి ఆడవాళ్ళు పంతం పట్టి కట్టించిన బొమ్మరిల్లు ఇంకెక్కడా ఇంత చెక్కుచెదరకుండా లేదట. మునిసిపాలిటీ కొంటుంది, కాపాడుతుంది, ముందు గోడకి కంచు పలక వేసి దాని చరిత్ర రాయిస్తుంది. హ్యాటీ సంతోషంగా ఒప్పుకుంది. తను పోయినా ఆ పలక ఉంటుంది. స్టాన్ పెల్చార్ కట్టాడు, ఆయన కూతురు హ్యాటీ నడిపింది అని ఉంటుంది. పెళ్ళా, పిల్లలా, తన పేరు చెప్పేది ఇంకేముంది? ఆ ఒక్క వాక్యం చాలనుకుంది.

కమిటీ పెద్ద కోర్నీలియా డెమరెస్ట్. పాతకాలపు డచ్చి కుటుంబం, రిటైరైన లైబ్రేరియన్. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని తిరిగే మంచి మనిషి. మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, వాళ్ళ మీద అరవడానికి నోరు రాదు. జూన్ నెలలో ఆవిడ పలక మీద వేయబోయే మాటలు టైపు చేసి పట్టుకొచ్చింది. "స్టానిస్లావ్ పెల్చార్ 1931లో నిర్మించెను. తదుపరి ఆయన కుమారుడు డాక్టర్ టెడ్ పెల్చార్ 2014 వరకు నడిపెను."

హ్యాటీ రెండు సార్లు చదివింది.

"మా తమ్ముడు ఇక్కడ ఒక్క రోజు కూడా పని చెయ్యలేదమ్మా."

"కాగితాలన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి హ్యాటీ గారూ. నలభై ఎనిమిదేళ్ళ సంతకాలు. ఇంత చక్కటి ఆధారాలున్న కట్టడం మా కమిటీకి ఎప్పుడూ దొరకలేదు."

హ్యాటీ కంపెనీ మనిషి సంగతి చెప్పింది, ఈస్టరు భోజనం సంగతి చెప్పింది. కోర్నీలియా ఓపిగ్గా రాసుకుంది. రాసుకుని, "దీనికి రాతపూర్వకంగా ఏమైనా ఉందా?" అంది. ఉంటే ఇంత గొడవెందుకు?

అప్పుడు హ్యాటీ గోడ మీది ఫోటో తీసి చూపించింది. 1956. పంపు పక్కన టోపీ పెట్టుకుని, ప్యాంటు జేబులో గుడ్డ దోపుకుని, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డ మనిషి.

"ఇది నేను."

కోర్నీలియా భూతద్దంతో చూసి, "మేమిది టెడ్ గారనుకున్నామే," అంది. "టోపీ ఉంది కదా. జుట్టు కనపడట్లేదు."

"కనపడకూడదనే కదా టోపీ."

"అదే నేనూ అంటున్నా. కనపడట్లేదు."

వీధి వాళ్ళని తీసుకొచ్చింది హ్యాటీ. ఎదురుగా సాసేజీల కొట్టు నడిపే కార్మైన్ చెప్పాడు, చర్చి ఫాదర్ చెప్పాడు. నోటిమాట ఆధారం కాదంది కమిటీ. మరి టెడ్ నడిపాడన్న మాటో? దానికి కాగితాల బలం ఉంది కాబట్టి అది ఆధారమే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వ్యవహారం. ఆఖరికి కమిటీ దయతలచి, "సోదరి సహకారముతో" అని రెండు మాటలు చేర్చింది.

"నా పనికి నేనే సహకరించానా?" అని కార్మైన్ కొట్లో కూర్చుని అరిచింది హ్యాటీ.

కార్మైన్ సాసేజీలు కట్టలు కడుతూ, "పోనీలే, ఎవరో ఒకరు సహకరించారుగా. మా ఆవిడ నాకు అదీ చెయ్యదు," అన్నాడు.

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఏడిస్తే రాస్తారా? నీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. వాడు కాదంటే కమిటీ ఏం చేస్తుంది?"

చేద్దామని ఆవిడా అనుకుంటూనే ఉంది. ఇంతలో ఊరి పత్రికలో టెడ్ మాటలు వచ్చాయి. సగం పేజీ. చలికాలం పొద్దున్నే పైపు చేతికి అతుక్కుపోయేదట. 1974లో పెట్రోలు కరువొచ్చినప్పుడు కార్లు ఆరు వీధుల దాకా వరస కడితే, పదకొండు గంటలు నిలబడి పోశాడట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ పదకొండు గంటలూ నిలబడింది హ్యాటీ. టెడ్ ఆ రోజు వచ్చిన మాట నిజమే. వరసలో నిలబడకుండా వెనక సందులోంచి వచ్చి, రెండు డబ్బాలు నింపించుకుని పోయాడు.

ఫోన్ తీసింది.

"పదకొండు గంటలు నిలబడ్డావుట్రా?"



"వాళ్ళే అడిగారక్కా. ఆ రోజులు ఎలా ఉండేవని. నేను కాదనలేదు."

"కాదనకపోవడం వేరు. చేతికి పైపు అతుక్కుపోయిందనడం వేరు. ఎవరి చెయ్యిరా అది?"

"నువ్వు చెప్పేదానివి కదా, అతుక్కుపోయేదని."

"పలక మీద నీ పేరేస్తున్నారు. ఆ ముక్క తెలుసా?"

"తెలుసు. పెల్చార్ అనే కదక్కా. ఎవరి పేరైతే ఏముంది, ఇంటి పేరే కదా."

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఎవరి పేరైతే ఏముందని పేరున్నవాడే అనగలడు. హ్యాటీ ఫోన్ పెట్టేసి, ఆ రోజు ఎవరు పలకరించినా సరిగా మాట్లాడలేదు. ఒకరి కారు అద్దం మూడు సార్లు తుడిచింది. టెడ్ పరువు తీస్తూ పత్రికకి ఉత్తరం రాయొచ్చు. బల్ల ముందు కూర్చుని రెండు పంక్తులు రాసింది కూడా. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని చింపేసింది. అప్పటికే పలక పోతకి వెళ్ళిపోయిందని కోర్నీలియా కబురు చేసింది.

సెప్టెంబరులో ఒక శనివారం పదకొండింటికి ఆవిష్కరణ. బంకుకి అదే ఆఖరి రోజు. గోడకి బిగించిన పలక మీద నీలం గుడ్డ కప్పారు. మైకు పెట్టారు. పోలిష్ చర్చి ఆడవాళ్ళు బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటి పిరోగీలు వేయించి తెచ్చారు, కార్మైన్ సాసేజి రొట్టెలు తెచ్చాడు. వీధి వీధంతా వచ్చింది. హ్యాటీ ఎప్పటి బూడిద రంగు చొక్కాలోనే ఉంది. ఆవిడని మొదటి వరసలో కుర్చీలో కూర్చోబెట్టి, "పెద్దవారు, మీరు కదలకండి," అన్నారు. తన బంకులో తను కుర్చీలో కూర్చోవడం ఆవిడకి అదే మొదటిసారి.

టెడ్ మంచి కోటు వేసుకుని వచ్చాడు. కమిటీ అతనికి పాతకాలపు టోపీ పెట్టి, మెడకి నల్ల బో టై కట్టింది. ఆవిష్కరణకి ముందు చరిత్రాత్మకమైన ఆఖరి ట్యాంకు ఆయన చేతుల మీదుగా నింపాలట. కార్మైన్ తన తండ్రి కారు, 1956 నాటి షెవర్లే, ఆకుపచ్చా తెలుపూ రంగుల్లో మెరిసిపోయేదాన్ని తోలుకొచ్చి పంపు పక్కన ఆపాడు. గంట మోగింది. హ్యాటీ అలవాటుకొద్దీ సగం లేచి మళ్ళీ కూర్చుంది.

టెడ్ పంపు దగ్గరికి వెళ్ళి నాజిల్ తీశాడు. జనం చప్పట్లు కొట్టారు. నాజిల్ పట్టుకుని కారు కుడి పక్కకి వెళ్ళాడు. అక్కడ మూత లేదు. ఎడమ పక్కకి వచ్చాడు. అక్కడా లేదు. పైపు చాలినంత మేరా వెనక్కి వెళ్ళి, నంబరు పలక లాగి చూశాడు. కదల్లేదు. మళ్ళీ కుడి పక్కకి వెళ్ళాడు. కమిటీలో ఒకాయన సాయానికొచ్చి కారు ముందు భాగం తడిమాడు. ఇంకొకాయన వంగి కింద చూశాడు. వంద మంది ఉన్నారక్కడ. అందరూ కార్లున్నవాళ్ళే, జన్మలో ఒక్కసారీ పెట్రోలు పోసుకోనివాళ్ళే. ఒక్కడికీ తెలియలేదు.

కార్మైన్ కిటికీ మీద మోచెయ్యి ఆన్చుకుని కూర్చున్నాడు.

"ఎక్కడ కార్మైన్, మూత?" అన్నాడు టెడ్, గొంతు తగ్గించి.

"నాకేం తెలుసు డాక్టరు గారూ. ఈ కారుకి యాభై ఏళ్ళుగా పోసింది మీరేగా."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. హ్యాటీకి మొదట కడుపు చల్లబడింది. ఈ మాట దాచడమెందుకు, ఇంకో రెండు సార్లు తిరిగితే బాగుండునని కూడా అనిపించింది. అప్పుడు టెడ్ ఇటు తిరిగాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చిన్నప్పుడు తిట్లు తిన్నప్పుడల్లా అలాగే అయ్యేవి. నాజిల్ పంపుకి తగిలించి, అందరి ముందూ నడుచుకుంటూ వచ్చి అక్క కుర్చీ పక్కన వంగాడు.

"చెప్పక్కా."

"ఎందుకు చెప్పాలి? పదకొండు గంటలు పోశావుగా."

టెడ్ టోపీ తీసి చేతిలో తిప్పుకున్నాడు.

"నాన్న నన్ను ఎప్పుడైనా పట్టుకోనిచ్చాడా?" అన్నాడు. "పైపు మీద చెయ్యేస్తే కొట్టేవాడు. నీ చేతులు పుస్తకాలకి, పో లోపలికి అనేవాడు. కిటికీలోంచి చూసేవాణ్ణి. నువ్వూ ఆయనా కారు కింద దూరి ఏదో మాట్లాడుకుని నవ్వుకునేవాళ్ళు. బోర్డు మీద కొడుకని ఉండేది. బడిలో పిల్లలు అది నువ్వేనా అనేవాళ్ళు. ఔననేవాణ్ణి. కాదని నాకు తెలుసు. నేను పుట్టకముందే ఆయన కొడుకు ఆయనకి దొరికేసింది. ఈ కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, బంకు గురించి చెప్పండి అన్నారు. జన్మలో ఎవరూ నన్నది అడగలేదక్కా. చెప్పుకుంటూ పోయాను."

హ్యాటీ అతని వంక చూసింది. అరవై ఏళ్ళుగా ఆవిడ లెక్క వేరు. పుస్తకాలు వాడికిచ్చారు, పైపు నాకిచ్చారు, అదృష్టమంతా వాడిదే అనుకుంది. బడి మానేసిన రోజు జామెట్రీ పెట్టె వాడి చేతిలో పెట్టి, మరుగుదొడ్లోకి వెళ్ళి ఏడ్చింది. కిటికీలోంచి వీడు తనని చూసి కుళ్ళుకుంటున్నాడని ఆవిడకేం తెలుసు? జాలేసింది. అలాగని కోపం పోయిందా అంటే పోలేదు.

"ఇదంతా ముందు చెప్పి ఏడవచ్చుగా," అంది. "పళ్ళ డాక్టరువి, అందరి నోళ్ళూ తెరిపిస్తావు, నీ నోరు తెరవ్వు."

"ఇప్పుడు చెప్పానుగా."

"నాకు చెప్తే సరిపోదు టెడ్. ఆ పలక మీద నా బతుకు లేదు. నీకు బాధగా ఉందని నేను దాన్ని వదులుకోలేను. జాలి వేరు, పలక వేరు."

టెడ్ టోపీని అక్క ఒళ్ళో పెట్టి, మైకు దగ్గరికి నడిచాడు. మైకు ఎత్తు సరిచెయ్యడం కూడా చేతకాక వంగి మాట్లాడాడు.

"నేనిక్కడ ఒక్క గ్యాలను కూడా పొయ్యలేదు. పత్రికకి అబద్ధం చెప్పాను. ఈ బంకు నడిపింది మా అక్క. మొదటి నుంచీ ఆవిడే. ఆ ఫోటోలో ఉన్నదీ ఆవిడే."

కోర్నీలియా చెవి మీద పెన్సిల్ తీసింది. "కానీ డాక్టరు గారూ, కాగితాలన్నీ..."

"సంతకాలు నావి, పని ఆవిడది. ఏం కాగితమో చదవకుండా పెట్టాను."

"మీరిది రాతపూర్వకంగా..."

హ్యాటీకి ఇక ఓపిక చచ్చింది. కుర్చీలోంచి లేచింది.

"కోర్నీలియా గారూ, ఒక్క మాట చెప్పండి. మీకా నీలం కారు ఎన్నేళ్ళ నుంచుంది?"

"పన్నెండేళ్ళు."

"దానికి ముందు బూడిద రంగుది. దానికి ముందు మీ ఆయన స్టేషన్ వ్యాగను. ప్రతి శుక్రవారం, లైబ్రరీ మూసేశాక. ఎవరు పోశారు పెట్రోలు?"

"మీరే. కానీ నేను... మీరిక్కడ పనిచేస్తారనుకున్నాను. ఎవరో నడుపుతుంటే."

"మీ ఆయన చనిపోయిన వారం మీరు మూడు రోజులు వరసగా వచ్చి, ఇంజను ఆపకుండా ఇక్కడే కూర్చున్నారు. నేను కాఫీ ఇచ్చాను. కిటికీలోంచి తీసుకున్నారు. అప్పుడు కూడా చూడలేదా నా మొహం?"

పిరోగీలు తెచ్చిన ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళవీ కార్లే, వాళ్ళవీ నాలుగు వేళ్ళు దించిన కిటికీలే. కోర్నీలియా మెల్లగా పలక దగ్గరికి వెళ్ళి, గాలికి లేస్తున్న నీలం గుడ్డని కిందికి లాగి, అంచులు గట్టిగా దోపింది.

"దీన్ని తీయించేస్తాను," అంది. "ఇంకొకటి పోయిస్తాం. ఏం రాయాలో మీరే చెప్పండి, హ్యాటీ."

గారు అనడం మర్చిపోయింది. హ్యాటీకి అదే బాగుంది. తలూపి, కుర్చీ పక్కకి నెట్టి, కారు దగ్గరికి వెళ్ళింది. ఎడమ పక్క వెనక దీపం మీద చెయ్యి వేసి చిన్నగా తిప్పింది. దీపం మొత్తం తలుపులా పక్కకి తెరుచుకుంది. దాని వెనక మూత. జనంలోంచి అబ్బ అని ఒక మూలుగు లేచింది. కార్మైన్ అద్దంలోంచి చూస్తూ, "అక్కడా?" అన్నాడు. కారు ఓనరుకీ తెలియదు మరి.

ఆవిడ మూత తీసి నాజిల్ లోపల పెట్టింది. పంపు మీద అంకెలు గిర్రున తిరగడం మొదలెట్టాయి. టెడ్ రెండడుగుల దూరంలో, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడి చూస్తున్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి.

"అలా నిలబడతావేం? ఇటు రా," అంది హ్యాటీ.

"చట్టం ఒప్పుకోదేమో అక్కా."

"పక్కన నేనున్నానుగా, చట్టానికి అది చాలు. చెయ్యి తియ్యి జేబులోంచి." అతని చెయ్యి పట్టుకుని నాజిల్ మీద పెట్టి, తన చెయ్యి తీసేసింది. "గట్టిగా పట్టుకోరా. నాన్న చూడట్లేదులే."